నట్టు మీద ఎర్ర గీత

ఏసీ పెట్టించిన మరుసటి వేసవికే మా గది చల్లబడటం మానేసింది. దాన్ని బిగించిన మెకానిక్‌కే ఫోన్ చేశాను. గోదావరిఖనిలో చిన్న దుకాణం ఆయనది. యాభై దాటిన మనిషి. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా బయట మాలాగే తెలుగు మాట్లాడతాడు. నన్ను 'సర్దార్ సాబ్' అని పిలిచేవాడు. బొగ్గు గనిలో నా ఉద్యోగం అదే. షిఫ్టు మొదలవకముందే నేను దిగి, గ్యాసు ఉందేమో చూసి, పైకప్పును కర్రతో తట్టి చప్పుడు వినాలి. బాగుందని నేను చెప్పాకే మిగతావాళ్లు పనిలోకి వస్తారు. ఏళ్ల తరబడి ఆ పని చేసిన వాడికి ఏదీ ఒక పట్టాన నమ్మబుద్ధి కాదు.

ఆయన మీటరు పెట్టి చూసి, "గ్యాస్ దిగిపోయింది సర్దార్ సాబ్" అన్నాడు.

"ఏడాదికే ఎట్ల పోతది భాయ్?"

"నట్టు కాడ సన్నగ లీకైతుంది. ఓపెన్‌కాస్ట్ల బ్లాస్టింగ్ చేసినప్పుడు అదురుతది గద. గీ కాలనీల ఒక్కోసారి నట్లు లూజైతయ్."

పక్కనే ఉన్న ఓపెన్‌కాస్ట్ గనిలో బొగ్గు కోసం పేల్చే వేళకు మా సెంటినరీ కాలనీలో వంటింట్లో గిన్నెలు గలగలమంటాయి, నిజమే. కానీ దానికి నట్లు వదులవుతాయని నేనెన్నడూ వినలేదు. దొరికిన సాకు బాగానే ఉంది అనుకున్నాను. ఆయన గ్యాస్ నింపబోతుంటే ఆపి, బియ్యం తూచుకునే కాటాకు ఆ సిలిండర్ తగిలించమన్నాను. ఆయన నవ్వి తగిలించాడు. నింపాక మళ్లీ తూచాను. బరువు తగ్గింది. తగ్గింది సరే, అందులో ఉన్నది అసలు గ్యాసేనా, సగం గాలా? అది తూచేందుకు నా దగ్గర కాటా లేదు.

ఆయన బండి వీధి మలుపు తిరగగానే పానా తీసుకుని క్వార్టర్ వెనక్కి వెళ్లాను. మళ్లీ పిలవాలని నట్టు కావాలనే కొంచెం వదులుగా పెట్టి పోయాడేమోనని నా అనుమానం. స్టూలెక్కి, పళ్లు బిగబట్టి మరో అర చుట్టు తిప్పాను. ఆపైన మా ఆవిడ గోళ్ల రంగు తెచ్చి, నట్టు మీంచి దాని కింది ఇత్తడి దాకా ఒక ఎర్ర గీత గీశాను. ఎవరు తిప్పినా ఆ గీత విరిగి దొరికిపోతారు.

"ఏందయ్యా, పైపుకు బొట్టు పెడుతున్నవా?" అంది మా ఆవిడ కిటికీలోంచి.

ఎక్కువ రోజులు పట్టలేదు. పైపు మీద మంచు పేరుకుంది, గది మళ్లీ ఉడికిపోవడం మొదలైంది. వెళ్లి చూస్తే గీత చెక్కుచెదరలేదు. ఎవరూ ముట్టలేదన్నమాట. అయితే మోసం గ్యాసులోనే ఉందని తేల్చుకున్నాను.

రెండోసారి ఆయన వచ్చేసరికి నేను మొదటి షిఫ్టులో ఉన్నాను. పైపు కొస కోసి, దాని మూతి కొత్తగా చేసి బిగించి వెళ్లాడట.

"నట్లు ముట్టద్దని నీకు గట్టిగ చెప్పమన్నడు" అంది మా ఆవిడ.

ఆ మాటతో నా అనుమానం రెట్టింపైంది. నా ఇంటి ఏసీ నేనెందుకు ముట్టకూడదు? అక్కడ దాచింది ఏముంది? ఆ సాయంత్రమే మరో పావు చుట్టు తిప్పి, కొత్త గీత గీశాను. వారం తర్వాత ఇంకోసారి తిప్పి, ఇంకో గీత.

మూడోసారి చల్లదనం పోయినప్పుడు ఆయన్ని పిలవలేదు. నస్పూర్ నుంచి వేరే మెకానిక్‌ను రప్పించాను. హుషారైన మనిషి. వచ్చీ రాగానే నట్టు చుట్టూ సబ్బు నురగ పూశాడు. బుడగలు లేచాయి. నట్టు విప్పి, పైపు మూతి నాకు చూపించాడు. వెంట్రుకంత పగులు.

"కాకా, రాగి మెత్తగ ఉంటది. బలం పెట్టి బిగిస్తే గిట్లనే పగుల్తది. ఎవడో పిచ్చోడు మల్ల మల్ల తిప్పిండు." నట్టును వేళ్ల మధ్య తిప్పి చూశాడు. "గీ ఎర్ర గీతలేంది? మూడున్నయ్. తిప్పినప్పుడల్ల ఒకటి పెట్టినట్టున్నడు. పాత మెకానికేనా?"

మా ఆవిడ టీ గ్లాసులతో గడపలో నిలబడి ఉంది.

"ఆ... ఆయనే" అన్నాను.

ఆమె గ్లాసులు స్టూలు మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు. ఏసీ మాత్రం చల్లగా వీచింది.

పది రోజులకు మా గనిలోనే పనిచేసే పక్క క్వార్టరాయన గోడ దగ్గర నన్ను ఆపాడు. "అన్నా, ఆ భాయ్ మీ పైపు పలగ్గొట్టిండట గద? నస్పూర్ పిలగాడు చెప్పిండు. మేం గూడ ఆయన్ని రావద్దన్నం. ఎదురింటోళ్లు గూడ."

నేను తలూపి లోపలికి వచ్చాను. మా ఆవిడ అన్నీ వింది.

"నీ నోటితోనే చెడగొట్టినవ్. నీ నోటితోనే పోయి చెప్పు" అంది.

మరునాడు గోదావరిఖని వెళ్లాను. ఆయన దుకాణం ముందు బకెట్లో ఏసీ జాలీలు కడుగుతున్నాడు. నీళ్లు బొగ్గులా నల్లగా ఉన్నాయి. ముందు ఏదో సర్వీసు సంగతి మాట్లాడబోయి, మానేశాను.

"భాయ్, ఆ నట్టు నేనే బిగించిన."

ఆయన చేతులు ఆగలేదు. "తెల్సు."

"ఎట్ల తెల్సు?"

"రెండోసారి వచ్చినప్పుడే ఎర్ర గీత చూసిన. పైపు మూతి గూడ నలిగి ఉండె. నేను రంగు పెడ్తనా సర్దార్ సాబ్?"

"మరి అప్పుడే నాకెందుకు చెప్పలేదు?"

"అక్కకు చెప్పిన గద, ముట్టద్దని. నా సిలిండర్ కాటాకు తగిలించమన్న మనిషి, తప్పు నీదే అంటే నమ్ముతడా?"

ఇంకో మాట మిగిలే ఉంది. "కొత్తాయన అడిగితే నీ పేరు చెప్పిన."

అప్పుడు ఆయన చేతులు ఆగాయి. "విన్న. మీ గల్లీల రెండిండ్లు పోయినయ్" అన్నాడు.

"నేను పోయి చెప్త."

"చెప్పున్రి" అని మళ్లీ జాలీ అందుకున్నాడు. ఎప్పుడు వెళ్లినా టీ తెప్పించే మనిషి ఆ రోజు తెప్పించలేదు.

ఆ సాయంత్రమే రెండిళ్లకూ వెళ్లాను. పక్కింటాయన విని, పెద్దగా నవ్వి, భాయ్‌నే పిలుస్తానన్నాడు. ఎదురింటాయన నవ్వలేదు. నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏందన్నా, ఆయన్ని గంతగనం ఎనకేసుకొస్తున్నవ్? గింత ఫికర్ పడి ఇంటిదాక వచ్చినవంటే... నీకేమన్న ఇచ్చిండా?"

ఎంత చెప్పినా ఆయన నమ్మలేదు. ఆ చూపు నాకు కొత్తది కాదు. సిలిండర్‌ను కాటాకు తగిలించిన రోజు నా ముఖం అచ్చం అలాగే ఉండి ఉంటుంది. ఆ ఇంటికి ఇప్పటికీ నస్పూర్ మెకానిక్కే వస్తాడు.

ఈ వేసవి మొదట్లో సర్వీసుకు భాయ్‌కే ఫోన్ చేశాను. వస్తాడని నమ్మకం లేదు, కానీ వచ్చాడు. వెనక్కి వెళ్లి పని మొదలుపెట్టాడు. పానా చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఎంత తిప్పుతున్నాడు, ఏది విప్పుతున్నాడు అని చెవులు రిక్కించి నాలుగుసార్లు లేవబోయాను. ఎదురుగా కూరగాయలు తరుగుతున్న మా ఆవిడ కత్తిపీట మీంచి తలెత్తి చూసింది. కూర్చున్నాను.