టింగు మాస్టారి కంప్యూటర్ క్లాసు

మా బావని బళ్ళో పిల్లలు టింగు మాస్టారు అంటారు. నేను అంతకంటే ఘాటైన పేర్లే పెట్టుకున్నాను గానీ, అక్క మొహం చూసి బయటికి అనను.

ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక, నేను సైన్సు చెప్పే బళ్ళోనే కంప్యూటర్ మాస్టారుగా చేరాడు. మిషను మారింది, మనిషి మారలేదు. టైపు మిషను మీద వరుస చివర గంట మోగేది కదా, ఆ గంట లేకపోతే ఆయనకి ఊపిరాడదు. స్టీలు గ్లాసు మీద తాళంచెవితో టింగుమని కొడతాడు. వెంటనే పిల్లలంతా ఎంటర్ నొక్కి కింది వరుసకి వెళ్ళాలి.

"వరుస నిండితే అదే కిందికి దిగుతుంది బావా" అని ఒకసారి చెప్పి చూశాను.

"నీ కప్పలేవో నువ్వు కోసుకో" అన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

అంతకంటే ఘోరం, ప్రతి కీబోర్డులోనూ బ్యాక్‌స్పేస్ మీట మీద ప్లాస్టర్ అతికించాడు. తప్పు కొడితే పేజీ మూసేసి మొదటినుంచి కొట్టాలి. కాగితం పాడైతేనే విలువ తెలుస్తుందట. ఇక్కడ కాగితమెక్కడుంది? ఆరో తరగతి పిల్లలు వేళ్ళ మీద స్కేలు దెబ్బలు తిని, ఏడుస్తూ నా క్లాసుకి వచ్చేవాళ్ళు. ఆ మనిషంటే నాకు అసహ్యం.

ఏడాది చివర హెడ్మిస్ట్రెస్ ఆయన క్లాసు చూడ్డానికి వచ్చింది. ఉంచడమా పంపడమా అన్నది ఆ రోజే తేలుతుంది. పొద్దున్నే అక్క ఫోన్ చేసి, "నువ్వు పక్కనే ఉండవే, కాస్త మాటసాయం చెయ్యి" అని బతిమాలింది. పక్కనే ఉన్నాను. సాయం మాత్రం చెయ్యలేదు.

పిల్లలు ఒక పేరా కొట్టారు. తీర్చిదిద్దినట్టుంది. బావ మీసం మీద చెయ్యి వేశాడు.

"అక్షరాలు నా కళ్ళకి ఆనట్లేదు పిల్లలూ, కాస్త పెద్దవి చెయ్యండి" అందావిడ.

చేశారు. అంతే, టింగుకొక ఎంటర్ కొట్టిన చోటల్లా వరుసలు విరిగిపోయాయి. ఒకటి నిండుగా, దాని కింద రెండే మాటలు, మళ్ళీ నిండుగా, మళ్ళీ రెండు.

"సరిచెయ్యండి మరి" అందావిడ. పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. పేజీలు మూసేసి, మొదటినుంచి కొట్టడం మొదలుపెట్టారు.

"గాడిదలకి ఎంత చెప్పినా అంతే మేడమ్" అన్నాడు బావ.

"వాళ్ళు మీరు చెప్పిందే చేస్తున్నారు. రాజీనామా ఇచ్చెయ్యండి. ఇక్కడే, ఇప్పుడే కొట్టండి."

కూర్చున్నాడు. నాకు జాలి వేస్తుందేమో అనుకున్నాను. వెయ్యలేదు. రెండో వరుసలో తప్పు పడింది.

పక్కనున్న పిల్ల, మొన్న దెబ్బలు తిన్నదే, మెడ సాచి చూసింది. "తప్పు పడింది సార్. మొదటినుంచి కొట్టాలి" అంది. ఎగతాళి కాదు, నిజంగానే చెప్పింది.

పిల్లలంతా కొట్టడం ఆపి ఇటు తిరిగారు. హెడ్మిస్ట్రెస్ "త్వరగా కానివ్వండి" అంది. ఆయన గోరుతో ప్లాస్టర్ అంచు లేపి, పీకేసి, ఆ మీట నొక్కాడు.

"అది నొక్కొచ్చా సార్?" అంది పిల్ల.

ఆయన రాజీనామా కొడుతూనే ఉన్నాడు. గదిలో ఒక్కొక్కరే ప్లాస్టర్లు పీకడం మొదలుపెట్టారు.