వాకిట్లో వేసిన తాళం

అనంతపురంలో ఒక ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ సెక్యూరిటీ చెబుతాను. ఆ ఏడాది శింగనమల నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి బొమ్మల పాస్‌వర్డుల మీద ప్రాజెక్టు తీసుకుంది. ఫోను తెర మీద తొమ్మిది చుక్కలుంటాయి. వాటిని కలుపుతూ గీసే గీతే తాళం. జనం ఎలాంటి గీతలు గీస్తారో మీ ఊళ్లో అడిగి రమ్మని పంపాను.

వారం తిరక్కుండానే వచ్చింది. "మేడం, మా ఊరి ఆడోళ్లు పొద్దున్నే వాకిట్లో ఏసే చుక్కల ముగ్గే ఫోన్లోనూ గీసినారు. వీధిలో నడిచిపోతే చాలు, అందరి తాళాలూ కనపడతాండాయి!"

పడీపడీ నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు.

"మీది చూడనా మేడం? నిన్న మీ ఇంటికొచ్చినప్పుడు ముగ్గు చూసినా," అంటూ టేబుల్ మీది నా ఫోను తీసుకుని గీసింది. టక్కున తెరుచుకుంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. చెప్పేవి శ్రీరంగనీతులు మరి! అప్పటికే నేను భర్త నుంచి విడిగా ఉంటున్నాను. పాపను తీసుకుని చెప్పకుండా వేరే ఊరికి వెళ్లిపోవాలనుకున్నాను. కొత్త ఉద్యోగం, కొత్త ఇంటి అడ్రసు, రైలు టికెట్లు అన్నీ ఆ ఫోనులోనే ఉన్నాయి. ఊరు దాటితే పాపను ఎత్తుకుపోతానని ఆయన ముందే బెదిరించాడు. ప్రతి ఆదివారం పాపను చూడటానికి వస్తాడు. ఏళ్ల తరబడి నా ముగ్గు దాటుకుంటూ డ్యూటీకి పోయిన మనిషి.

అక్కడికక్కడే తాళం మార్చాను. మర్చిపోతానేమోనన్న భయంతో వేలితో గీసి గీసి చేతికి అలవాటు చేశాను.

ఆదివారం పొద్దున వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు వేసి లేచేసరికి బండి ఆగింది.

"ఏమే, ముగ్గు మార్చినావే?" అన్నాడు.

కిందికి చూసుకున్నాను. నా చెయ్యి పడిపోను! కొత్త తాళమే వేసి కూర్చున్నాను. "ఊరికే," అంటూ ముగ్గు మీదికి జరిగి కాలితో చెరపసాగాను.

లోపల్నుంచి పాప నా ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. పాత తాళం దానికీ తెలుసు.

"నాయనా, అమ్మ ఫోను తెరుచుకోలా. నువ్వన్నా ఆట పెట్టియ్యి."

ఆయన ఫోను అందుకుని, నా పాదాల కింద సగం చెరిగిన ముగ్గు వైపు చూశాడు. నేను అక్కణ్ణుంచి కదల్లేదు.