పెళ్లికొడుకు స్థానంలో ట్రాక్టర్

ఆ రోజుల్లో మా నర్సింహులపేట చుట్టుపక్కల బొమ్మలున్న పెద్ద పుస్తకమంటే ఒక్కటే, పెళ్లి ఆల్బం. ఎవరింటికి వెళ్లినా చాయ్ కంటే ముందు అదే ఒళ్లోకి వచ్చేది. అందుకే ఫైన్ ఆర్ట్స్ కాలేజీవాళ్లు ఇంటర్వ్యూకి పోర్ట్‌ఫోలియో తెమ్మని ఫోన్ చేసి, అదేమిటని నేనడిగితే "నువ్వు వేసిన బొమ్మలన్నీ ఒక పుస్తకంగా" అని చెప్పగానే, నేను నేరుగా మహబూబాబాద్‌లో పెళ్లి ఫోటోలు తీసే స్టూడియో అన్న దగ్గరికి వెళ్లిపోయాను. ఆ సీటు నాకు చాలా అవసరం. రాకపోతే చెల్పూర్ కరెంటు ప్లాంటులో పనిచేసే మా నాన్న తమ్ముడు, చిన్నబాపు, నన్ను అక్కడే ఏదో ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చోబెడతానని మా బాపుకు మాటిచ్చేశాడు. నన్నడగకుండానే ఖాయమైన ఆ కుర్చీని తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండేది.

నేను కాగితం మీద వేసినవి తక్కువ. మా ట్రాక్టర్ ట్రాలీ వెనుక రేకు మీద అందరిలా దేవుణ్ణో సినిమా హీరోనో వేయకుండా మా నాయనమ్మను వేశాను. (మేమంతా అవ్వ అనే పిలిచేవాళ్లం.) నోట్లో చుట్ట, ఒళ్లో మిరపకాయల చాట, ఎదుటివాణ్ణి నిలదీస్తున్నట్టు చూపు. ఆ బొమ్మ వేశాక వెనుక వచ్చే లారీలు హారన్ కొట్టడం మానేశాయని బాపు ఊరంతా చెప్పుకున్నాడు. అది చూసి మరో ఇద్దరు రైతులు తమ ట్రాలీల మీద తమ అవ్వలను వేయించుకున్నారు. చిక్కల్లా ట్రాలీలతో పాటు తిరిగే ఈ బొమ్మల అవ్వలు ఒకచోట నిలవకపోవడమే. ఫోటో తీద్దామని ఒకామె కోసం గంగారం వెళితే వరిగడ్డి మోపుల వెనుక దాక్కుని ఉంది. ఇంకొకామె చెల్పూర్‌లో ప్లాంటు బూడిద మోస్తూ గుర్తుపట్టలేనట్టు దొరికింది. బకెట్ నీళ్లతో ఆమెకు ముఖం కడిగి మరీ ఫోటో తీశాను.

ఇంటర్వ్యూ ఎల్లుండి అనగా ఆల్బం చేతికొచ్చింది. దిండులాంటి మెత్తటి అట్ట, దానికో సూట్‌కేసు, తెరవగానే గులాబీ రేకులు. (పాపం అన్న దగ్గరున్న డిజైన్లన్నీ పెళ్లివే.) మొదటి పేజీలో రెండు గుండెలు. ఎడమ గుండెలో నేను, పేరుకు ముందు 'చి.ల.సౌ.'. కుడి గుండెలో మా ట్రాక్టర్, దండ వేసుకుని. నేను నోరు తెరిచి చూస్తుంటే అన్న నెమ్మదిగా, "ఒక్కదాన్నే పెడితె మంచిగుండది చెల్లె, జోడి ఉండాలె" అన్నాడు.

ఏడుపు ఆపుకుంటూ జనగామలో నాకు డ్రాయింగ్ నేర్పే సారుకు చూపించాను. ఆయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, దీన్ని అటక మీద పెట్టి ఒక నల్ల ఫోల్డర్ కొనుక్కోమన్నారు. చుట్టూ తెల్ల మార్జిన్ వదిలి ఒక కూజా, నాలుగు యాపిళ్లు గీసుకుని వెళ్లమన్నారు. ట్రాలీల మీద వేసేవి ఆర్ట్ కిందికి రావన్నారు. ఇంటర్వ్యూలో 'ఏంది', 'గిట్ల' అనొద్దని కూడా చెప్పారు. నేను బుద్ధిగా తలూపి ఇంటికి వచ్చి, చాట ముందేసుకుని మిరపకాయల తొడిమలు తీస్తున్న అవ్వకు ఇదంతా చెప్పాను.

అవ్వ చుట్ట తీసి పక్కన పెట్టింది. "నన్ను తీసేసి యాపిల్ పండు పెట్టుమన్నడా? నా మొఖానికి ఏం తక్కువైందట?"

ఆ మాటతో నా సిగ్గంతా కోపమైంది. గుండెలకూ గులాబీలకూ సిగ్గుపడ్డాను, నిజమే. కానీ అవ్వలకు నేనెందుకు సిగ్గుపడాలి? ఆ అట్టముక్కల్లాంటి పేజీలు చింపితే ఊడి రావు. అవ్వలు ఉండాలంటే ట్రాక్టర్ పెళ్లికొడుకూ ఉండాల్సిందే. ఉండనీ అనుకున్నాను. ఇంటర్వ్యూ రోజు పొద్దున సూట్‌కేసు పట్టుకుని హైదరాబాద్ బస్సెక్కితే కండక్టర్ లగ్గం ఎప్పుడని అడిగాడు. ఇవాళే అన్నాను.

ఇంటర్వ్యూ గదిలో ఒక పెద్ద మేడం, ఇద్దరు సార్లు ఉన్నారు. మొదటి పేజీ తెరవగానే సార్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. మేడం నవ్వలేదు. "పెళ్లికొడుకు ఎక్కడమ్మా?" అని అడిగారు. ఎంత జాగ్రత్తగా మాట్లాడాలనుకున్నానో అంతా మరిచిపోయాను.

"పక్కకే ఉన్నడు గద మేడం. వెనుక బొమ్మ వేస్త అంటె వద్దనలే. ఇంకేం గావాలె?"

మేడం ఒక్కో పేజీ తిప్పుతూ, బూడిద కడిగించుకున్న అవ్వ దగ్గర చాలాసేపు ఆగారు. ఆమె చెంప మీద నేను సరిగా కడగని బూడిద మరక ఇంకా ఉంది. దీన్ని కూడా నువ్వే వేశావా అని అడిగారు. అది ప్లాంటు వేసిందన్నాను. సీటిస్తామని చెబుతూనే, చేరే రోజుకు మాత్రం ఇదంతా మామూలు ఫోల్డర్‌లో పెట్టుకు రమ్మన్నారు. చేరే రోజున నేను అదే సూట్‌కేసుతో వెళ్లాను. అలాగే చేర్చుకున్నారు.

ఇప్పుడు జనగామలో నేనే పిల్లలకు బొమ్మలు నేర్పుతున్నాను. నల్ల ఫోల్డర్ కొనుక్కోండి, మార్జిన్ వదలండి అని నా నోటితోనే చెబుతుంటాను. అవ్వ ఉన్నన్నాళ్లూ ఇంటికొచ్చినవాళ్లకు ఆ ఆల్బం చూపించి, "మా పిల్ల లగ్గం గిదే" అనేది. ఇప్పుడది నా బీరువాలో ఉంది. అప్పుడప్పుడూ తెరిచి ఎడమ గుండెలోని పిల్లను చూస్తాను. ఆ పిల్ల ఇవాళ నా క్లాసుకొస్తే ఫోల్డర్ మార్చుకు రమ్మని నేనే పంపిస్తాను. మార్చకుండా మళ్లీ వస్తుందని తెలిసే పంపిస్తాను.