ఈశాన్యం మూల పొయ్యి

నా భర్త ప్రభువు సన్నిధికి చేరిన ఏడాది బోధన్‌లో మాకు మిగిలింది గూనపెంకుల ఇల్లొక్కటే. ముందు గదిలో నేనూ నా కూతురూ ఉండి, వెనక భాగం కిరాయికిచ్చుకుంటే బతుకు గడుస్తుందనుకున్నాను. మా దగ్గర కిరాయికి మనుషులు దొరికేది చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు ఆడటం మొదలయ్యే ముందే. పనికి వచ్చేవాళ్లంతా మొదటి సైరన్ మోగేలోపు ఎక్కడో ఒకచోట సామాను దించేస్తారు. అప్పటికి ఖాళీగా ఉన్న ఇల్లు మళ్లీ ఏడాది దాకా ఖాళీయే.

నిజామాబాద్‌లో ఉండే మా మరిది ఆ మాటే పట్టుకున్నాడు. "సైరన్ మోగేదాక సూద్దాం వదినె. ఎవ్వరు రాకుంటే ఇల్లు అమ్మేసి మా దగ్గరికి రా. ఒక్కదానివి ఎన్నని సూసుకుంటవు?" అన్నాడు. నా మంచికే అన్నాడు. అయినా ఆ గోడలు నా భర్త సొంతంగా మట్టి తొక్కి లేపినవి.

చూడటానికి వచ్చేవాళ్లకు కొదవ లేదు. బావి నీళ్లు నోట పోసుకుని తియ్యగున్నాయనేవారు. వెనక భాగంలోకి తొంగిచూసి, "ఇంట్ల అడిగి చెప్తం" అని వెళ్లేవారు. మళ్లీ కనబడేవారు కారు. మేము చర్చికి పోయేవాళ్లమని వెనకాడుతున్నారేమో అనుకున్నాను. ముందుగది గోడకున్న బైబిలు వాక్యపు పటం తీసేద్దామా అని ఒక పూట అనిపించింది కూడా. తీయలేదు. బడికి పోని నాకు చిన్నప్పుడు మా బాపు ఇంట్లో కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది ఆ వాక్యంతోనే.

ఆఖరుకు రుద్రూర్ వైపు నుంచి ఒక ఫిట్టరు తల్లినీ భార్యనూ వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ ముసలి తల్లి నేరుగా పొయ్యి దగ్గరికి పోయి, కొంగు నడుముకు చెక్కుకుని నిలబడింది.

"గిదేంది బిడ్డా, ఈశాన్యంల నిప్పు పెట్టిండ్రు?"

"మాకు గా పట్టింపు లేదవ్వా. పొగ పోతదని ఆయన గక్కడ పెట్టిండు."

"పొగ పోతది. కిరాయికొచ్చినోళ్లు గూడ పోతరు."

ఫిట్టరు నవ్వు ఆపుకున్నాడు. నేను మెల్లగా అడిగాను. "మేము చర్చికి పోతమని గాదా, అందరు వాపస్ పోయేది?"

"మీ దేవునితోని మాకేం లొల్లి? నీ పొయ్యితోనే లొల్లి. దాన్ని ఆగ్నేయానికి జరుపు, రేపే సామాను దింపుతం."

గుండె తేలికైంది. కానీ ఆయన పెట్టిన పొయ్యిని పగలగొట్టడానికి చేయి రాలేదు. అవ్వ కనిపెట్టినట్టుంది. "గా మట్టే నానవెట్టి కొత్తది ఏద్దాం తియ్యి" అంది.

ఆగ్నేయం మూలన చెరుకు పిప్పి పేర్చి ఉంది. బెల్లం గానుగల దగ్గర్నుంచి పిప్పి తెచ్చి ఎండబెట్టి, వానకు తడవకుండా ఇంట్లో గోడకు ఆనించుకోవడం, పొయ్యిలోకి వాడుకోవడం మా వాడలో అందరి అలవాటు. ఆ పిప్పి తీసేసరికి వెనక గుంజ నిండా చెదలు. పైన దూలాన్ని మోసేది ఆ గుంజే. ఫిట్టరు వేలితో నొక్కితే పిండిలా రాలింది.

"వచ్చే వానలకు ఇల్లు మీద వడుతుండె బిడ్డా" అంది అవ్వ. ఆ మాటకు నా కూతుర్ని దగ్గరికి లాక్కున్నాను. మా పక్కలు ఆ గోడ అవతలే.

కబురు పెడితే మరిది టేకు గుంజను బండి మీద వేసుకుని వచ్చాడు. ఆయనా ఫిట్టరూ దూలానికి ఊతకర్ర పోటు పెట్టి, పాతది తీసి కొత్తది నిలబెట్టారు. చేతులు కడుక్కుంటూ, "గుంజ నేనే తెస్తి. ఇగ అమ్ముమని ఏ మొఖం పెట్టుకొని అంట?" అన్నాడు మరిది.

సైరన్ మోగిన పొద్దున కొత్త పొయ్యి మీద పాలు పొంగాయి. అవ్వ పసుపు పెట్టి, దండం పెట్టుకుని, నా వైపు తిరిగింది. "నువ్వు గూడ నీ ప్రార్థన చెయ్యి బిడ్డా. ఇల్లు నీది గదా."

కళ్లు మూసుకున్నాను. అడగాల్సింది ఏదీ తోచలేదు. వద్దని వెళ్లిపోయిన వాళ్లతో సహా, ఆ గడప తొక్కిన అందరి కోసం స్తోత్రం చెప్పాను.