నవల్లో బతికిన అక్క

నాకు పదేళ్లు వచ్చేదాకా మా అమ్మ తన చీర కొంగును నా గౌను అంచుకు ముడివేసుకుని పడుకునేది. గుడివాడలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. నాన్నకు బస్టాండు దగ్గర సైకిల్ షాపు ఉండేది. అమ్మ గడప దాటి బయటకు వచ్చేది కాదు. గాలి కాస్త పెరిగితే కిటికీలన్నీ మూసి, మధ్యగదిలో గోడకు ఆనుకుని కూర్చునేది. బకెట్లో నీళ్లు సగానికి మించి పట్టనిచ్చేది కాదు. ఎందుకని అడిగితే నాన్న, "అమ్మ అంతేలేమ్మా, నువ్వు చదువుకో" అనేవాడు. నేను ఇంటర్‌లో ఉండగా ఆయన పోయాడు. అసలు సంగతి ఆయనతోనే పోయింది.

డిగ్రీ అయ్యాక బందరులో ఒక కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. పొద్దున్నే పాసింజరులో వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేదాన్ని. ఆ రైల్లోనే ఒక నవల మొదలుపెట్టాను. అంతరిక్షంలో ఎక్కడికో వెళ్తున్న నౌక. అందులో ఒక్కతే మనిషి. ఆమె ఎవరితోనూ మాట్లాడదు, అద్దంలో ముఖం చూసుకోదు. ఎందుకలా అయిందో రాయబోతే నాకే తెలియలేదు. ముప్ఫై పేజీల దగ్గర ఆగిపోయాను.

ఆ ఏడాదే మా మావయ్య పోయాడు. అమ్మకు ఆయన ఒక్కడే అన్న. వాళ్ల ఊరు నాగాయలంక దాటాక, సముద్రం వైపు. కబురు వస్తే అమ్మ విని, "నేను రాను, నువ్వెళ్లిరా" అని పక్కకు తిరిగి పడుకుంది. పెద్దకర్మకు నేనొక్కదాన్నే బయల్దేరాను. చల్లపల్లిలో బస్సు మారి, అవనిగడ్డ మీదుగా వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. భోజనాల పందిట్లో ఒక ముసలామె నా గడ్డం పట్టుకుని చూసి, "పెద్దపిల్ల ఉంటే అచ్చం ఇట్టాగే ఉండేదమ్మా" అంది.

"ఏ పెద్దపిల్ల?" అన్నాను.

ఆమె చటుక్కున నా గడ్డం వదిలేసింది. అత్తయ్య నన్ను వెనక వసారాలోకి తీసుకెళ్లింది.

అమ్మకు ముందొక పెళ్లి జరిగిందని, నాలుగేళ్ల కూతురు ఉండేదని నాకు ఇరవై మూడేళ్ల వయసులో తెలిసింది. ఉప్పెన వచ్చినప్పుడు ఆమె మొగుడు గొడ్లను విప్పడానికి పాకలోకి వెళ్లి మళ్లీ రాలేదు. అమ్మ పిల్లను చీరతో కడుపుకు కట్టుకుని తుమ్మచెట్టు ఎక్కింది. తెల్లారి నీళ్లు తీశాక మావయ్య వెళ్లి చూస్తే చెట్టుమీద అమ్మ ఒక్కతే ఉంది.

"ముడి ఊడిపోయింది తల్లీ. ఎప్పుడు ఊడిందో దానికీ తెలీదు. పిల్ల కోసం పది రోజులు బురదలో తిరిగింది. దొరకలా" అంది అత్తయ్య. "రెండేళ్లకి మీ నాన్న అన్నీ తెలిసే చేసుకున్నాడు. ఈ మాట ఇంట్లో ఎత్తొద్దని మీ అమ్మ ఒట్టేయించుకుంది."

తిరుగు ప్రయాణంలో బస్సులో ఏడవలేదు. నవల ఎలా రాయాలో తెలిసిందని సంతోషపడ్డాను. ఈ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

నౌకలోని స్త్రీ ఒక బిడ్డను పోగొట్టుకున్న తల్లి అయింది. నౌకలో ఒక గది పెట్టాను. ఆ గదిలోకి వెళ్తే గడిచిపోయిన రోజుల్లోకి వెళ్లి నిలబడవచ్చు, కానీ దేన్నీ ముట్టుకోలేరు. ఆమె ఆ రోజుకు వెళ్లి అంతా చూస్తుంది. తన చేతుల్లో ఏమీ లేదని, తప్పు తనది కాదని తెలుసుకుని, తేలికపడి తిరిగొస్తుంది. ఇదీ నా పథకం. అది చదివి వినిపిస్తే అమ్మ కూడా తేలికపడుతుందని నమ్మాను.

అమ్మ చదివింది ఐదో తరగతే. ఆదివారం అన్నాలయ్యాక నేను చదివేదాన్ని, ఆమె బియ్యం ఏరుతూ వినేది. చెట్టు ఘట్టం వచ్చినప్పుడు చెయ్యి ఆగింది.

"మీ అత్తయ్య చెప్పిందా?"

"చెప్పింది."

కోప్పడుతుందనుకున్నాను. "చదువు" అంది. గది దగ్గరికి వచ్చేసరికి అడిగింది. "అందులోకెళ్తే పిల్లని పట్టుకోవచ్చా?"

"పట్టుకోవడం కుదరదమ్మా. చూడటమే. తన తప్పు లేదని తెలుసుకుంటుంది."

"తప్పు లేదని ఎవరిక్కావాలే? పిల్ల కావాలి గానీ."

ఆ వారమంతా రైల్లో పెన్ను కదల్లేదు. తర్వాతి ఆదివారం అమ్మే అడిగింది. "ఆ గదిలో పట్టుకునేటట్టు పెట్టలేవా? రాసేది నువ్వేగా?"

"పెట్టొచ్చు. కానీ అక్కడ ఒకటి మారిస్తే ఆ తర్వాతవన్నీ మారిపోతాయమ్మా. పిల్ల బతికితే ఆమె అక్కడే ఉండిపోతుంది. మళ్లీ పెళ్లి చేసుకోదు. ఇంకో కూతురు పుట్టదు."

అమ్మ చేటలో బియ్యాన్ని ఇటునుంచి అటు జరిపింది, మళ్లీ అటునుంచి ఇటు జరిపింది.

"అట్టనే రాయి" అంది.

రాశాను. ఎందుకు రాశావని చాలాసార్లు నన్ను నేను అడిగాను. అప్పటికి నాకు దొరికిన జవాబు ఒకటే, అమ్మ మాట్లాడుతోంది. పుట్టి బుద్ధెరిగాక ఆమె నాతో అన్ని మాటలు మాట్లాడగా వినలేదు. నౌకలోని స్త్రీ గదిలోకి వెళ్లి ముడి బిగించింది. నీళ్లు తీశాక పిల్లను ఎత్తుకుని చెట్టు దిగింది. అది చదివిన రోజు అమ్మ తలంటుకుని, నాన్న పోయాక కట్టని రంగు చీర కట్టుకుంది. పక్కింటి పిన్నిగారు చూసి, "మీ అమ్మకి ఏం మందు వాడుతున్నావమ్మాయ్?" అని అడిగింది. నేను గర్వంగా నవ్వాను.

ఆ తర్వాత నవల నా చేతిలో లేదు. పిల్లకు ఐదేళ్లొచ్చాయి, ఆరొచ్చాయి. చెవులు ఎప్పుడు కుట్టించాలో, బడికి ఏ జడ వేసి పంపాలో అమ్మ చెప్పేది, నేను రాసేదాన్ని. నౌక ఎటు పోయిందో ఇద్దరమూ పట్టించుకోలేదు. సాయంత్రం నేను చెప్పులు విడుస్తుంటేనే, "ఇవాళ ఎందాకా వచ్చింది?" అని అడిగేది. నా జ్వరం, నా కాలేజీ, నాకు వచ్చిన సంబంధం, వీటిలో ఏదీ అడిగేది కాదు. ఒకరోజు వాన వల్ల రైలు ఆలస్యమై బాగా పొద్దుపోయాక, నిలువునా తడిసి వచ్చాను. అమ్మ తువ్వాలు అందించలేదు. "కాగితాలు తడవలేదుగా?" అంది.

నా వల్ల కాలేదు. "రాయడం ఆపేస్తానమ్మా" అన్నాను.

"ఎందుకు?"

"కష్టంగా ఉంది."

ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికే అడిగింది. "అందులో నువ్వు లేవుగా. నీకేం కష్టం?"

ఇప్పుడైతే పెన్ను మూసి పక్కన పెట్టేదాన్నేమో. అప్పుడు నాకు పట్టుదల వచ్చింది. రెండు వారాలు కూర్చుని కొత్త అధ్యాయం రాశాను. అందులో పిల్లకు పదేళ్లు. ఒకరోజు తల్లికి ఇంటి గోడలో నౌక తలుపు కనిపిస్తుంది. ఇదంతా నిజం కాదని గుర్తొస్తుంది. పిల్లే ఆమె చేయి విడిపించుకుని, "వెళ్లమ్మా, నీకోసం అక్కడ ఇంకొకరు ఎదురుచూస్తున్నారు" అంటుంది. అది రాస్తూ ఏడ్చాను. రాసిన వాటన్నిట్లో అదే బాగుందనిపించింది.

అమ్మ చివరిదాకా విన్నది.

"ఇది నువ్వు కావాలని రాశావు" అంది. లేచి వెళ్లి కిటికీలు ఒక్కొక్కటే మూసింది. బయట గాలి లేదు, మాఘమాసపు ఎండ.

నేను వెంటపడ్డాను. ఆ పేజీలు చింపేశాను, మళ్లీ పాతదాన్నే రాస్తానన్నాను. ఆమె ముఖంలో ఏమీ కదల్లేదు. రెండోసారి కూడా ముడి ఊడింది, ఈసారి ఊడదీసింది నేను. బందరు తీసుకెళ్లి డాక్టరుకు చూపించాను. ఆయన మంచివాడే, ఓపికగా విన్నాడు, మాత్రలు రాశాడు. వాటితో అమ్మ పడుకునేది. లేచాక గోడవైపు కూర్చునేది. పెట్టింది తినేది. నన్ను చూసేది గానీ నాతో మాట్లాడేది కాదు. అలా నాలుగేళ్లు.

ఆ మధ్యలో నవల మొదటి సగం ఒక వారపత్రికకు పంపాను. శైలి బాగుందని, ముగింపు ఆశాజనకంగా ఉంటే పరిశీలిస్తామని జవాబు వచ్చింది. ఆ కార్డు అమ్మ ముందే చదివాను. వినలేదు.

పోయే ముందు వారం ఆస్పత్రిలో అమ్మ నా చేతిని పట్టుకుంది. ఎముకలు నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకుంది. నర్సమ్మ సెలైను మార్చడానికి వచ్చినా వదల్లేదు. ఎవరి చెయ్యి అనుకుంటున్నావమ్మా అని అడగాలనిపించింది. అడిగితే ఆమె నిజమే చెబుతుందని తెలిసి ఊరుకున్నాను.

కర్మకాండలకు అత్తయ్య వచ్చింది. పదకొండో రోజు సామాను సర్దుతుంటే అమ్మ ట్రంకుపెట్టెలో ఒక కొత్త గౌను దొరికింది. కొని ఎక్కువ కాలం కాలేదు, షాపు చీటీ ఇంకా ఊడలేదు. పదేళ్ల పిల్లకు సరిపోయే గౌను. గడప దాటని మనిషి దాన్ని ఎవరితో తెప్పించుకుందో తెలియదు. అత్తయ్య దాన్ని మడిచి, "ఎవరికన్నా ఇచ్చేయనా?" అని అడిగింది.

ఇచ్చేయమన్నాను. మర్నాడు కాలేజీకి వెళ్లాను. ఫస్టియర్ వాళ్లకు లోలకం ప్రయోగం ఉంది. దారాలు కొలిచి, గుండ్లు కట్టి, బల్లల మీద పెట్టాను. ఒకమ్మాయి వచ్చి, "మేడమ్, బాగానే ఉన్నారా?" అంది. బాగానే ఉన్నానని చెప్పి, స్టాప్‌వాచీలు పంచడం మొదలుపెట్టాను.