మధ్యాహ్నపు మచ్చలు

మా బాబాయి గడియారాలు బాగుచేస్తాడు. అందరి టైమూ సరిచేసే ఈ పెద్దమనిషి ముప్ఫై ఏళ్ళలో ఒక్కనాడూ మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రాలేదు. కొట్టుకీ ఇంటికీ పది నిమిషాల నడక. "ఒక్కపూట వచ్చి నాతో తినరాదూ?" అని పిన్ని అడిగేది. "చేతిలో పనుంది, క్యారియర్ పంపెయ్," అనేవాడు. ఆయన రాలేదు, ఆవిడ అడగడం మానలేదు.

పోయిన చలికాలంలో పిన్ని పోయింది. కిటికీలో ఆవిడ పెంచిన చిన్న కుండీ మిగిలింది. దళసరి ఆకుల్లో నీళ్ళు దాచుకునే ఎడారి మొక్క అది. ఎండలు ముదిరేసరికి ఆకుల మీద గోధుమరంగు మచ్చలు లేచాయి. బాబాయి గడియారాల భూతద్దం కంటికి తగిలించుకుని ఆకు ఆకూ చూసి, తెగులని తేల్చాడు. మందు కొట్టాడు, నీళ్ళు మానేశాడు, మళ్ళీ పోశాడు. మచ్చలు పెరిగాయే గాని తగ్గలేదు.

"బాబాయ్, మొక్కకి కీ ఇస్తే తిరగదు," అన్నాను.

"ఇది కూడా పోతే ఇంట్లో ఇంకేం మిగుల్తుందే?" అన్నాడు.

కుండీ ఒళ్ళో పెట్టుకుని ఆయన వెనక కూర్చుంటే, నేనే బండి నడిపి నర్సరీకి తీసుకెళ్ళాను. నర్సరీ ఆవిడ మచ్చని గోటితో నొక్కింది.

"కుళ్ళయితే మెత్తగా, తడిగా ఉండేది. ఇది పొడిగా ఉంది. పైగా మచ్చలన్నీ ఒకవైపే. కిటికీ వైపేనా?"

"అవునమ్మా," అన్నాడు బాబాయి.

"తెగులు కాదండీ, ఎండకి మాడింది. ఈ మచ్చలు పోవు గాని, నీడకి జరిపితే కొత్తాకులు శుభ్రంగా వస్తాయి. ఇన్ని ఎండాకాలాలు గట్టెక్కిందంటే, మిట్టమధ్యాహ్నం ఎవరో దీన్ని లోపలికి తీసేవారు."

బాబాయి ఇంటికొచ్చి తిన్నగా భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళాడు. పిన్ని కుర్చీకి ఎదురుగా, తను కూర్చునే చోట, బల్ల మీద గుండ్రటి మరక ఉంది. గిన్నె మరకనుకుని నెలల తరబడి రుద్దుతున్నాడు. కుండీని దాని మీద పెట్టాడు. అచ్చంగా సరిపోయింది.

"నా చోట దీన్ని పెట్టుకుని తినేదన్నమాట," అన్నాడు. మాడిన ఆకుల్ని నిమురుతూ, "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నానే," అని ఏడ్చాడు.

ఇప్పుడు పన్నెండింటికల్లా కొట్టు మూసేసి ఇంటికొస్తాడు. కుండీని ఆ మరక మీద పెట్టి, తను పిన్ని కుర్చీలో కూర్చుని తింటాడు. తినడం అయిపోయినా, ఎండ తగ్గేదాకా లేవడు.