తలకిందులుగా పడిన చెక్కబిళ్ళ

డ్రైవింగ్ పరీక్ష రెండుసార్లు తప్పాక మనిషికి దేన్నయినా నమ్మబుద్ధేస్తుంది. నేను నమ్మింది పక్కింటావిడ గుడ్డసంచిని.

ఆస్ట్రేలియాలో కాన్‌బెరా ఊళ్ళో మేముండే పేట గంగాలిన్. సిటీకి లైట్ రైల్ ఉంది, కూరగాయలకు నడిచి వెళ్ళొచ్చు. ఇంకెక్కడికైనా వెళ్ళాలంటే మా ఆయన "నేను దింపుతాగా" అనేవారు. అలా నాలుగేళ్ళు గడిచాక నాకు రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం వచ్చింది. అది ఊరికి ఆ చివర. షిఫ్టు ఉదయం ఆరింటికి, ఆ వేళకి బస్సు లేదు, మూడు నెలల్లోగా లైసెన్సు చూపిస్తేనే చేర్చుకుంటామన్నారు. తొమ్మిదేళ్ళు కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పి, ఇక్కడికొచ్చి నాలుగేళ్ళు గిన్నెలు తోమినదాన్ని. ఆ ఉద్యోగం నాకెంత కావాలో మాటల్లో చెప్పలేను.

నా గండమంతా రౌండబౌట్లతోనే. ఈ ఊరు కట్టినవాళ్ళకి సిగ్నల్ స్తంభాలు దొరకలేదో ఏమో, కూడలి కనబడితే చాలు, నడిమధ్య గుండ్రటి దిబ్బొకటి పోసేశారు. మొదటి పరీక్షలో ఒక దిబ్బ ముందు ఎంతసేపు ఆగానంటే, వెనకవాళ్ళు హారన్ కొట్టి కొట్టి విసుగెత్తి మానేశారు. రెండోసారి ఆ అవమానం గుర్తొచ్చి అసలు ఆగనే లేదు. అదీ తప్పేనట.

పక్కింటావిడ రిటైరైన టీచరు. ఆమె దగ్గర రూన్లు ఉన్నాయి. వెనకటికి జర్మన్ తెగలవాళ్ళు చెక్కల మీదా రాళ్ళ మీదా చెక్కుకున్న అక్షరాలవి. ఆవిడ యూకలిప్టస్ కొమ్మని బిళ్ళలుగా కోసి, ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం కాల్చి సంచిలో పోసుకుంది. "మనసులో ఒక ప్రశ్న అనుకుని ఒకటి తియ్యి, లవ్," అంది. ఇక్కడి పెద్దవాళ్ళు ఎవరినైనా ముద్దుగా అలాగే పిలుస్తారు. తీసి బల్ల మీద పెట్టాను. అచ్చం ఇంగ్లిష్ ఆర్‌లా ఉంది, కాకపోతే తలకిందులుగా పడింది. పేరు రైదో అట. ప్రయాణం, స్వారీ, చక్రం అని అర్థాలు చెప్పింది.

"అంటే మూడోసారి కూడా పోతుందా?" అన్నాను.

"ఇది జరగబోయేది చెప్పదు. నిన్నే అడుగుతుంది. ప్రయాణం నీదే, మరి పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయి అని," అంది ఆవిడ.

నాకు ఒళ్ళుమండింది. మనవాళ్ళయితే ఈపాటికి ఏ గ్రహం ఎక్కడ కూర్చుందో, ఎప్పుడు లేస్తుందో చెప్పేసేవాళ్ళు. ఈవిడ ప్రశ్నకి వెళ్ళినదాన్ని ఎదురుప్రశ్న వేసి పంపింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన పడీపడీ నవ్వారు. "చెక్కముక్కల జ్యోతిష్యమా? మైక్రోబయాలజీ చదివి నువ్వు కూడా ఏంటే, సిల్లీగా!" అన్నారు. నవ్వు ఆగాక ఆయన గొంతు మారింది. "తిరగబడిందన్నావా? అయితే పరిహారం ఏంటట?"

అది అడగడం మరిచిపోయాను. చెప్పులేసుకుని మళ్ళీ పక్కింటికి వెళ్ళాను. దోషం చెప్పినవాళ్ళు శాంతి కూడా చెప్పడం మా ఆచారమని ఆవిడకి వివరించాను. ఆవిడ కెటిల్‌లో నీళ్ళు పోస్తూ, "టీ తాగుతావా?" అంది.

ఇక పరిహారం మా ఆయనే నిర్ణయించారు. శనివారం గుళ్ళో నవగ్రహాలకి తొమ్మిది ప్రదక్షిణాలు, సోమవారం పరీక్ష మొదలయ్యే ముందు నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు. జర్మన్ అక్షరానికి నవగ్రహాలేంటండీ అంటే, ఎక్కడున్నా గ్రహాలు అవేగా అన్నారు.

శనివారం తిరుగుతూ మధ్యలో లెక్క తప్పాను. "ఎన్నయ్యాయండీ?" అని వెనక్కి తిరిగాను.

"నాలుగు. నడువు, నడువు," అన్నారు.

నేను నడిచాను. నడుస్తుండగా తట్టింది. మూడు నెలలుగా కార్లో నా పక్కన కూర్చుని ఈయన "బ్రేకెయ్యవే! రైట్ చూడు, రైట్! ఖాళీగా ఉంది కదే, నడువు!" అంటున్నారు. నేను రోడ్డు చూడటం మానేసి ఈయన గొంతు కోసం చూస్తున్నాను. పరీక్షలో పక్కనున్నవాడు నడువు అనలేదు కాబట్టి దిబ్బ ముందు అలాగే నిలబడిపోయాను. ఆ చెక్కబిళ్ళ మీద కోపం పోయి సిగ్గేసింది.

సోమవారం లైసెన్సు ఆఫీసు ముందు మా ఆయన దిగి నిమ్మకాయలు పెట్టారు. కారు కదలగానే నాలుగు నిమ్మకాయలూ ఒకేసారి పటుక్కున చిట్లాయి. పక్కన కూర్చున్న పరీక్షాధికారి ఉలిక్కిపడి ఏమిటది అన్నాడు. నిమ్మకాయలన్నాను. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు.

పెద్ద రౌండబౌట్ రానే వచ్చింది. మూడో దారిలో బయటికి పొమ్మన్నాడు. "రైట్ చూడు. ఖాళీ. నడువు," అని నాకు నేనే పైకి చెప్పుకుని లోపలికి పోయాను. తీరా మూడో దారి దగ్గర ఎడమ పక్కన ఒక ట్రక్కు అడ్డంగా ఉంది. మునుపటిలా అయితే కళ్ళు మూసుకుని బ్రేకెయ్యడమో, దాని ముందుకి దూరడమో చేసేదాన్ని. ఇప్పుడు మళ్ళీ చుట్టూ తిప్పాను. ఈ దేశంలో దిబ్బ ఎప్పుడూ కుడిచేతి వైపే ఉంటుంది, ప్రదక్షిణానికి దేవుడున్నట్టు. "ఒకటి," అని నేనే లెక్కపెట్టాను. రెండో చుట్టులో దారి దొరికింది.

"ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నాడు ఆయన.

"డ్రైవర్‌తో," అన్నాను.

చివర్లో ఆయన, ఇంకొకరికి అడ్డం పడటం కన్నా ఇంకో చుట్టు తిరగడమే మంచిదని చెప్పి, పాసయ్యావన్నాడు.

ఇంటిదాకా నేనే నడిపాను. మా ఆయన ఎడమ సీట్లో కూర్చుని ఒక్కసారి కూడా నడువు అనలేదు. ఇంటి ముందు ఆపి, టైర్లకంటిన నిమ్మతొక్కలు తుడవడానికి గుడ్డ కోసం ఆయన వైపు తలుపు తీస్తే, కింద మ్యాటు కనబడింది. ఆయన కుడికాలు ఆనేచోట అరిగి చిల్లు పడింది. మూడు నెలలుగా ఆయన అక్కడ లేని బ్రేకుని తొక్కుతూనే ఉన్నారు. నన్ను తిట్టడమే తెలుసనుకున్నాను, అంత భయపడ్డారని నాకు తెలియదు.

"కొత్త మ్యాటు కొందామండీ," అన్నాను.

"ఎందుకూ? రేపటి నుంచి నేనుండనుగా పక్కన," అన్నారు.

ఆ మాటకి నాకు సంతోషం వేసింది. ఏడుపు కూడా వచ్చింది.